డి తక్కువ

మంగళవారం ఉదయం ఎనిమిదింబావుకి, ఏ-బ్లాకు లిఫ్టులో, నాలుగో అంతస్తు మీట నొక్కబోయి నివాసుల సంఘం కార్యదర్శి గారు చూపుడువేలు విరగ్గొట్టుకున్నారు. మీట గట్టిదేం కాదు. ఆయన బలవంతుడూ కాదు. జరిగిందల్లా ఇది: మీట నొక్కడం తన ఉద్యోగమని ముప్ఫయ్యేళ్ళుగా నమ్ముతున్న లిఫ్టాయన వేలూ, లిఫ్టు సంఘానిదీ సంఘం తనదీ కాబట్టి మీటా తనదేనని ఆ పూటే గ్రహించిన కార్యదర్శి గారి వేలూ ఒకే క్షణంలో ఒకే అంకె మీదికి బయల్దేరి, దారిలో ఢీకొన్నాయి. 'టిక్' మని వినబడింది. లిఫ్టు కదిలింది. నాలుగో అంతస్తు దాకా ఇద్దరూ మర్యాదగా తలుపు వంకే చూస్తూ నిలబడ్డారు.

తలుపు తెరుచుకున్నాక కార్యదర్శి గారు అడిగారు. "ఆ టిక్కుమన్నది మీటేనా?"

"మీట చప్పుడు చెయ్యదండీ," అన్నాడు లిఫ్టాయన.

ఈ లిఫ్టాయన భార్యే క్లిప్పులత్త. కథ ఆవిడది. వేలు ముందుమాట మాత్రమే.

క్లిప్పులత్తకి అసలు పేరు లేకపోలేదు. రేషను కార్డు మీద ఉంది, అక్కడే ఉండిపోయింది. మెడలో ఎప్పుడూ ఒక తాడు, ఆ తాడుకి బట్టలకి పెట్టే క్లిప్పులు యాభై అరవై, పంటి కింద ఇంకొకటి. ఎవరైనా పలకరిస్తే పంటి కింద క్లిప్పు తీసి, జవాబిచ్చి, మళ్ళీ పెట్టుకుంటుంది. అందుకని ఆవిడ మాటలు తక్కువ, ఉన్నవి సూటి. చిన్నపిల్లలు అత్తా అని మొదలుపెట్టారు, పెద్దవాళ్ళూ అందుకున్నారు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అత్తా అంటారు. ఆవిడ ఏనాడూ కాదనలేదు.

ఆ ఇళ్ళ సముదాయంలో నాలుగు బ్లాకులు. ఏ, బి, సి మూడూ పదేసి అంతస్తులు. ఒకదాని నీడలో ఒకటి నిలబడి, ఒకదాని వంటగది ఒకటి చూసుకుంటూ ఉంటాయి. వాటి మేడల మీద నీళ్ళ ట్యాంకులూ, చల్లగాలి యంత్రాల డబ్బాలూ కాలు మోపే చోటు లేకుండా ఉంటాయి. డి-బ్లాకు మాత్రం ఎండ వచ్చే వైపున, ఒక మూల, నాలుగంతస్తుల దగ్గరే ఆగిపోయింది. లిఫ్టు లేదు. అక్కడ పనిచేసేవాళ్ళు అక్కడ ఉంటారు: తోటమాలి, ప్లంబరు, కాపలా వాళ్ళు, లిఫ్టాయన. కింద గదిలో క్లిప్పులత్త లాండ్రీ. అందులో ఉతికే యంత్రాలు రెండు. పెద్దదాని పేరు పెద్దావిడ, మధ్యమధ్యలో ఆగిపోయే రెండోదాని పేరు అలక.

ఆరబెట్టే యంత్రం కొనివ్వమని సంఘాన్ని అడగవచ్చు కదా అని చాలామంది ఆవిడకి చెప్పి చూశారు. "యంత్రంలో ఆరిన బట్ట జ్వరం తగ్గిన మనిషిలా ఉంటుంది. పొడిగానే ఉంటుంది, కళ ఉండదు," అనేది. ఆవిడ బట్టలు ఆరేది డి-బ్లాకు మేడ మీద, పన్నెండు తాళ్ళ మీద. ఉత్తరం కొస తాడు మీద దుప్పట్లు, ఎందుకంటే అవి పక్కవాటి ఎండ తినేస్తాయి, వెనక ఉంటే మంచిది. ఆ తర్వాత చొక్కాలు, అడుగునుంచి క్లిప్పు. తెల్ల బట్ట తిన్నగా ఆరేయాలి, రంగు బట్ట తిరగేసి ఆరేయాలి, లేకపోతే వెలిసిపోతుంది. ముప్ఫయ్యేళ్ళలో ఆవిడ ఈ నియమం తప్పింది ఒక్కసారే, అది కూడా ఆయనతో దెబ్బలాడిన రోజున, ఆయన చొక్కా విషయంలోనే.

మొగుడూ పెళ్ళాల ఉద్యోగాలు చూస్తే దేవుడికి హాస్యం తెలుసనిపిస్తుంది. ఆయన రోజంతా పైకెక్కుతూనే ఉంటాడు, ఆకాశం చూడడు. ఆవిడ రోజుకి నాలుగుసార్లు ఎక్కుతుంది, పూట పూటంతా ఆకాశం కిందే ఉంటుంది. ఆయన పాలపొడి రంగు, ఆవిడ కాల్చిన ఇటుక రంగు. పక్కపక్కన నిలబడితే ఒకే గుడ్డలోంచి కోసి ఒకటి బీరువాలోనూ ఒకటి తాడు మీదా మర్చిపోయినట్టుంటారు.

ఇక వేలు సంగతి. సి-బ్లాకులో ఉండే డాక్టరమ్మ దానికి బద్ద కట్టి, "మీట నొక్కితే వేలు విరగడమేమిటండీ? మీరు ఎండలోకి వెళ్ళి ఎన్నాళ్ళయింది?" అంది.

కార్యదర్శి గారు నిజాయితీగా ఆలోచించారు. ఇంట్లోంచి లిఫ్టు, లిఫ్టులోంచి కింద కారు, కారులోంచి ఆఫీసు. "మొన్న వాతావరణ వార్తల్లో చూశాను," అన్నారు.

రక్తపరీక్షలో ఆయన విటమిన్ డి తొమ్మిది వచ్చింది. ముప్ఫై ఉంటే మంచిదని చెప్పి డాక్టరమ్మ ఊరుకోలేదు. "మీరొక్కరే కాదు, ఇక్కడ అందరూ మీలాగే బతుకుతున్నారు," అని సమావేశాల గదిలో ఒక ఆదివారం అందరికీ పరీక్ష పెట్టించింది. రెండు వందల పన్నెండు మంది చేతులు చాపారు. క్లిప్పులత్త కూడా, వెనక దుప్పట్లు నానుతున్నాయని తొందరపెడుతూ, నిలబడే రక్తమిచ్చి వెళ్ళిపోయింది. ఎందుకని ఆవిడ అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఫలితాలు చూస్తే ఊరంతా కట్టగట్టుకుని నీడలో కూర్చున్నట్టుంది. ఎనిమిది, పదకొండు, ఏడు, పన్నెండు. లిఫ్టాయనది ఆరు.

ఈ సంగతి అందరికీ తెలియజేయాల్సింది కార్యదర్శి గారు. మామూలుగా ఆయన నోటీసు రెండు పేజీలకి తగ్గదు. కాని కుడి చూపుడువేలు బద్దలో ఉంది. ఎడమ చేత్తో మొదలుపెట్టారు. 'విటమిన్' అన్న మాట మూడుసార్లు రాయబోతే మూడుసార్లూ కోడి కెలికినట్టు వచ్చింది, వదిలేశారు. 'లోపం'లో ఓత్వం తిరగలేదు, అదీ వదిలేశారు. చెమట తుడుచుకుని, రాయగలిగిన మాటలతోనే పని కానిచ్చారు. నాలుగు బ్లాకుల కిందా అతికించిన నోటీసు ఇది:

"డి చాలా తక్కువ. డి వల్లే ఎముకలు విరుగుతున్నాయి. డి పెంచక తప్పదు. డి మేడ మీద త్వరలో ఏర్పాట్లు. సహకరించండి."

ఏ, బి, సి బ్లాకుల వాళ్ళకి అప్పటికే కాగితాలు అందాయి గనక అర్థమైంది. డి-బ్లాకు కాగితాలు మాత్రం ఇంకా కార్యదర్శి గారి సొరుగులో ఉన్నాయి. డి-బ్లాకు గోడ దగ్గర గుంపు చేరింది.

మొదటి వాక్యం తోటమాలి గట్టిగా చదివాడు. "డి చాలా తక్కువట! మేమెవరికి తక్కువ?"

"మన నీళ్ళు తాగడం లేదా, మన గడ్డి మీద నడవడం లేదా!" అన్నాడు ప్లంబరు.

రెండో వాక్యం చదివాక అందరూ లిఫ్టాయన వైపు తిరిగారు. డి వల్లే ఎముకలు విరుగుతున్నాయి. ఆయన చేతిని నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు. "ఒక్క వేలేనయ్యా," అన్నాడు. "అదీ ఆయనే మీదికి తెచ్చుకున్నాడు."

"మరి డి పెంచడమేంటి?" అడిగింది క్లిప్పులత్త, క్లిప్పు తీసి.

తోటమాలి గడ్డం గోక్కున్నాడు. మొక్కల్ని పెంచేవాడు గనక పెంచడం గురించి తనకే తెలుసునని ఆయన ధీమా. "ఏముందత్తా? బిల్డింగుని పెంచడమంటే అంతస్తులు లేపడమే. మేడ మీద ఏర్పాట్లని రాసే ఉంది కదా."

క్లిప్పులత్త చేతిలోని క్లిప్పు కింద పడింది. అదేం చిన్న విషయం కాదు. ఆవిడ చేతిలోంచి క్లిప్పు జారడం డి-బ్లాకు చూసి ఎరగదు. ఆ పన్నెండు తాళ్ళే ఆవిడ పొలం, ఆవిడ దుకాణం, ఆవిడ పూజగది. పైన ఇంకో అంతస్తు లేస్తే ఎండ దాని నెత్తి మీదికి పోతుంది. తాళ్ళు కట్టుకునేదెక్కడ? అలక ముందు కూర్చుని బతిమాలుకుంటూ బతకాలా?

మెట్లు కాదు, లిఫ్టు కాదు, ఆవిడ కోపంతోనే ఏ-బ్లాకు నాలుగో అంతస్తు చేరిందని తర్వాత చెప్పుకున్నారు. (లిఫ్టే ఎక్కింది. ఆయనే నొక్కాడు.)

"డి పెంచుతారట?" అంది గుమ్మంలోనే.

"పెంచాలమ్మా. తప్పదు." కార్యదర్శి గారు వేలు చూపించారు.

"ఎంత పెంచుతారేంటి?"

"కనీసం ముప్ఫై దాకా తీసుకెళ్ళాలి."

క్లిప్పులత్త గోడ పట్టుకుంది. "ముప్ఫయ్యా! ఏ-బ్లాకే పది కదండీ!"

"కాదమ్మా, నాది తొమ్మిది. మీ ఆయనది మరీ అన్యాయం, ఆరు."

"మాది నాలుగేనండీ."

"నాలుగా!" కార్యదర్శి గారు జాలిగా చూశారు. "ఎలా నిలబడ్డావమ్మా ఇన్నాళ్ళూ?"

"పునాది గట్టిది," అంది క్లిప్పులత్త రోషంగా. "నాలుగు మీద ముప్ఫై నిలుస్తుందా? కూలి పడదూ?"

"అందుకే నెమ్మదిగా. ఒక్కసారిగా ఎక్కించకూడదంది డాక్టరమ్మ. మూడు నెలలు పడుతుంది."

"మూడు నెలల్లో ముప్ఫై! అసలు కట్టేదెవరు?"

"ఎవరికి వాళ్ళే. వారానికో మాత్ర, రోజూ కాసేపు ఎండ."

మేస్త్రీల్లేకుండా మాత్రలతో మేడలు లేపే సంఘం ఇదేనేమో అనుకుంటూ క్లిప్పులత్త ఇంకో క్లిప్పు జారవిడవబోతుండగా, వేలి కట్టు చూడడానికి డాక్టరమ్మ వచ్చింది. రెండు నిమిషాలు ఇద్దరి మాటలూ విని, అక్కడే బల్ల మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత విడమరిచి చెప్పింది. డి అంటే బ్లాకు కాదు, ఒంట్లో ఉండే విటమిన్. ఎండ ఒంటికి తగిలితే తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు, ఎముక గుల్లబారుతుంది, మీట తగిలినా టిక్కుమంటుంది.

"అయితే అంతస్తులు లెయ్యవు?"

"లెయ్యవత్తా."

"మరి మాకు నాలుగు కాదా?"

డాక్టరమ్మ సొరుగు తీయించి కాగితాలు వెతికింది. ఒకటి తీసి, కళ్ళజోడు సరిచేసుకుని, మళ్ళీ చూసింది. "అత్తా, నీది నలభై ఒకటి."

కార్యదర్శి గారి ముఖంలో, కాపలా వాడి కూతురికి తన మనవడికన్నా ఎక్కువ మార్కులొచ్చాయని తెలిసిన తాతగారి కళ కనబడింది. "నలభై ఒకటా! మాకందరికీ తొమ్మిదీ పదీ, నీకొక్కదానికీ నలభై ఒకటా! సముదాయం ఎండంతా నువ్వే వాడేశావన్నమాట!"

"బట్టలకి పోగా మిగిలిందే తీసుకున్నానండీ," అంది క్లిప్పులత్త.

ఆవిడ సంతోషంగా ఇల్లు చేరింది గానీ ఆ సంతోషం రెండు రోజులే. అంతస్తు రాలేదు, దాని బదులు జనం వచ్చారు. నోటీసులో రాసిన ఏర్పాట్లు అవే. ఎండ తగిలే జాగా ఆ ఒక్క మేడే అయ్యాక కార్యదర్శి గారు ఊరుకుంటారా? 'ఎండ వేదిక' అని పేరు పెట్టి, పన్నెండు తాళ్ళూ విప్పించి, చుట్టచుట్టి మూల పడేసి, నలభై కుర్చీలు వేయించారు. "ఆరోగ్యం ముందమ్మా, బట్టలు తర్వాత," అన్నారు. క్లిప్పులత్త తాళ్ళ చుట్టను ఇంటికి తెచ్చుకుని మంచం కింద పెట్టుకుంది. ఆ రోజు ఆవిడ పంటి కింద క్లిప్పు లేదు. లిఫ్టాయన అది గమనించి, "కాఫీ పెట్టనా?" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి గనక ఆవిడకి ఇంకా భయమేసింది.

ఎండ వేదిక మొదటి రోజు చూసి తీరాలి. బి-బ్లాకు నుంచి ఒకావిడ చేతులకి తొడుగులు, నెత్తిన టోపీ, ముఖానికి గుడ్డ, ఆ పైన గొడుగుతో వచ్చి ఎండలో కూర్చుంది. ఆవిడ ఒంట్లో ఎండకి తెలిసే అవకాశమున్నది ముక్కు కొన ఒక్కటే. ఇంకొకాయన మెట్ల దగ్గర గాజు కిటికీ వెనక కుర్చీ వేసుకుని, ఎండా తగులుతోంది చల్లగానూ ఉందని మురిసిపోయాడు. కావలసిన కిరణం గాజు దాటి రాదని డాక్టరమ్మ చెబితే, కిటికీ కట్టినవాణ్ణి తిట్టాడు. వారానికొకటి వేసుకోవాల్సిన మాత్ర రోజుకొకటి వేసుకుంటే ఏడింతలు త్వరగా అయిపోతుంది కదా అని లెక్కగట్టిన ఒక లెక్కల మాస్టారికి డాక్టరమ్మ అందరి ముందూ అక్షింతలు వేసింది.

ఈలోగా కింద ఏం జరుగుతోంది? మూడు బ్లాకుల బట్టలు తడిగా ఉన్నాయి. క్లిప్పులత్త ఎవరి మీదా కక్ష కట్టలేదు. ఉతికింది, పిండింది, మడత పెట్టి తడివి తడిగానే ఇచ్చేసింది. "ఆరబెట్టే జాగాలో మీరున్నారు," అంది, అంతే. జనం లిఫ్టు కడ్డీల మీదా, పుస్తకాల బీరువాల మీదా, పంకాల రెక్కల మీదా ఆరేసుకున్నారు. పంకా వేసిన ఇళ్ళలో మేజోళ్ళు పిట్టల్లా ఎగిరాయి. గురువారానికి సముదాయమంతా ముక్కిపోయిన వాసన.

శుక్రవారం పదిన్నరకి కార్యదర్శి గారు తడి చొక్కాతోనే మేడెక్కారు. వేరేది లేదు పాపం. కుర్చీలో కూర్చుంటే వీపు చల్లబడుతోంది. లేచి నిలబడ్డారు. చంకలు ఆరడానికి చేతులు రెండూ బారజాపారు. గాలి వైపు ఒకసారి, ఎండ వైపు ఒకసారి తిరిగారు.

తాళ్ళు లేని మేడ చూసి పోదామని వచ్చిన క్లిప్పులత్త తలుపు దగ్గర ఆగిపోయింది. ఆవిడ కళ్ళకి అక్కడ కార్యదర్శి గారు కనబడలేదు. తాడు మీద నీటుగా ఆరేసిన చొక్కా కనబడింది, లోపల మనిషితో సహా. ఎండ ఎవరు తింటే ఏం, మనిషీ బట్టా కలిసే తినొచ్చని అప్పుడు తట్టింది.

"సార్, అలా ఊరికే చేతులు చాపే బదులు ఆ చేతుల్లో రెండు దుప్పట్లు పెట్టకూడదా?"

ఒప్పందం పది నిమిషాల్లో కుదిరింది. కుర్చీలు కిందికి, తాళ్ళు మీదికి. క్లిప్పులత్త ఉతికి పిండి పెడుతుంది. ఎవరి బకెట్టు వాళ్ళు నాలుగంతస్తులూ మోసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, ఎవరి బట్టలు వాళ్ళే ఆరేసుకోవాలి. ఆరేసేసరికి ఇరవై నిమిషాలు. డాక్టరమ్మ ఎగిరి గంతేసింది. "బంగారంలాంటి మాట అత్తా! మెట్లెక్కాలి, బరువెత్తాలి. పని చెప్పని ఎముక కూడా బద్ధకిస్తుంది."

మేడ తలుపు మీద అట్ట కూడా కట్టారు. రాసింది కార్యదర్శి గారే, ఎడమ చేత్తోనే, కానీ ఈసారి క్లిప్పులత్త పక్కన నిలబడి ఒక్కో మాటా చదివించుకుంది. "తెల్లవి తిన్నగా. రంగువి తిరగేసి. మనుషులు ఇరవై నిమిషాలు."

ఇక మిగిలింది ఆరు నంబరాయన. ఆయన రానంటే రానన్నాడు.

"నేనొస్తే లిఫ్టులో మీట ఎవరు నొక్కుతారే?"

"అందరూ మేడ మీదుంటే నీ లిఫ్టులో ఎక్కేదెవరయ్యా, దోమలా?"

ఎక్కాడు. అలవాటు పోక ప్రతి మలుపు దగ్గరా ఆగి, "రెండో అంతస్తు" అనీ, "మూడో అంతస్తు" అనీ ప్రకటించుకుంటూ, దిగేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని వెనక్కి చూసుకుంటూ ఎక్కాడు. పైకొచ్చి కళ్ళు చికిలించి, ఆకాశాన్ని కొత్త అద్దెదారుణ్ణి చూసినట్టు ఎగాదిగా చూశాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చూపుడువేలు గాలిలోనే మీట కోసం వెతుక్కుంటోంది.

క్లిప్పులత్త మెడలోంచి ఒక క్లిప్పు తీసి ఇచ్చింది. "ఇదిగో, ఇది నొక్కు."

నొక్కాడు. తెరుచుకుంది. వదిలాడు. మూసుకుంది. "తలుపులాగే ఉందే," అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ. ఆ పూట ఆయన ఒక్కడే మూడు తాళ్ళ బట్టలకి క్లిప్పులు పెట్టాడు. ఆవిడ పక్క తాడు దగ్గర నిలబడి, చూడనట్టు చూస్తూ, పంటి కింద క్లిప్పుతోనే నవ్వింది.

మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్షలు చేశారు. లిఫ్టాయనది ఇరవై నాలుగు. కార్యదర్శి గారిది ముప్ఫై ఒకటి. ఆయన వేలు కూడా అతుక్కుంది, ఆ ఆనందంలో కుడి చేత్తో మొదట రాసినది రెండు పేజీల ఫిర్యాదు. దాన్ని మేడ మీదికే తెచ్చి, చేతిలో బకెట్టు దించి, తాళ్ళ మధ్య నిలబడి అందరూ వినేలా చదివారు:

"...సదరు మేడ మీద తొంభై దినములు ఎండలో నిలబడిన ఫలితముగా నా ముఖము, మెడ, ముంజేతులు పూర్వపు రంగును కోల్పోయినవనియు, నా సొంత మనవరాలు నన్ను గుర్తుపట్టక తలుపు వేసుకున్నదనియు, ఇందుకు బాధ్యత ఎవరిదో రాతపూర్వకముగా తెలుపవలసినదనియు..."

క్లిప్పులత్త పంటి కింద క్లిప్పు తీసి, తలుపు మీది అట్ట వైపు చూపించింది.

"రంగువి తిరగేసి ఆరేసుకోవాలని మీ ఎడమ చేత్తో మీరే రాశారు కదండీ!"